శుభ్రమైన పిల్ల

"నీ పియాలా నువ్వే కడుక్కో, మా వాటిలో కలపకు" అనడం అత్తగారు జైనప్ ఎప్పుడో మానేసింది. మంచితనం పెరిగి కాదు, చెప్పే అవసరం తీరిపోయి. ఇంటిల్లిపాదీ టీ తాగిన పియాలాలన్నీ కడిగి, తుడిచి, బోర్లించాక కోడలు తుర్సునాయ్ తన దాన్ని వేరే నీళ్లతో కడుక్కుని కిటికీలో విడిగా పెట్టుకుంటుంది. అందరి ఎంగిలీ ఎత్తే చేతులు ఆమెవే. ఆ చేతులకు అంటు లేదు. రొట్టెల పిండి పిసికేదీ, పలావుకి క్యారెట్లు తరిగేదీ, అత్తగారి మోకాళ్లకు గొర్రె కొవ్వు రాసేదీ అవే చేతులు. ఆమె పెదవి తగిలిన పియాలాకి మాత్రం అంటు. ఈ న్యాయం ఎక్కడిదో అర్థం చేసుకోవాలని ఆమె కొన్నాళ్లు ప్రయత్నించింది, తర్వాత విసుగొచ్చి వదిలేసింది.

ఆ ఉదయం కూడా అలా కడుగుతూంటే అత్తగారు వెనక నుంచి అంది.

"శుక్రవారం నువ్వూ వస్తున్నావు. అవతలి వాళ్లు పట్టుబట్టారు. మొదటి భార్య స్వయంగా వచ్చి పిల్లకి చెవిపోగులు తొడిగితేనే నమ్ముతారట."

"ఏం నమ్ముతారు అత్తయ్యా?"

"ఇంట్లో గొడవల్లేవని. నీకు ఇష్టమేనని." జైనప్ ముడి విడిన తలగుడ్డ సరిచేసుకుంది. "మంచి గౌను వేసుకో. తల వంచుకుని తొడిగి, పిల్లని ముద్దాడి, వచ్చి నా పక్కన కూచో. నువ్వెటూ నోరెత్తవు కదా, మాకదే చాలు."

చెవిపోగులు తొడిగితే ఆ పిల్ల ఇక ఈ ఇంటిదే. ఆ పని ఎప్పుడూ వరుడి తల్లిది. కట్టుకున్న భార్యే వెళ్లి సవతికి తొడగాలని అడగడం అవతలి వాళ్ల తెలివి. పాపం, కూతురు గొడవల కొంపలో పడకూడదని వాళ్ల భయం. వాళ్ల భయం గొడవల దగ్గర ఆగిపోయింది.

పిల్ల పేరు సబీరా. సరిహద్దుకి అవతల, ఉజ్బెక్‌ల దేశంలో అందిజాన్ వైపు ఊరు. వాళ్లూ కిర్గిజ్ వాళ్లే, దేశాల గీత మాత్రం మధ్యలో పడింది. ఇటు ఓష్ చుట్టుపక్కల ఇంతమంది పిల్లలుండగా గీత దాటి వెతకడం ఎందుకంటే, ఇటువైపు వాళ్లు ఆరా తీస్తారు. మాస్కోలో రెండు చేతులా సంపాదిస్తున్నవాడు ఉన్నట్టుండి ఎందుకు తిరిగొచ్చాడు, మళ్లీ ఎందుకు వెళ్లలేదు అని అడుగుతారు. పైగా రెండో పెళ్లికి చట్టంలో చోటు లేదు, అదీ వీళ్లకి కలిసొచ్చింది. రిజిస్ట్రీ చేయిస్తే పెళ్లికి ముందు ఇద్దరికీ రక్తపరీక్ష అంటారు. ముల్లాతో నిఖా చదివించేస్తే ఆ బెడద లేదు. "శుభ్రమైన పిల్ల, కుట్టుపని తెలిసిన పిల్ల" అని జైనప్ ఇరుగుపొరుగుకి చెప్పుకుంటోంది. ఆ 'శుభ్రం' అన్న మాట అన్నప్పుడల్లా కోడలి వైపు ఒక చూపు వేస్తుంది.

మొగుడు ఎర్మెక్ మాస్కో నుంచి తిరిగొచ్చిన రోజు తుర్సునాయ్ సంబరానికి హద్దు లేదు. మేస్త్రీ మోసం చేశాడనీ, కాగితాలు కుదర్లేదనీ అతను చెప్తే నమ్మింది. పనికి అనుమతి మళ్లీ ఇచ్చేముందు అక్కడ రక్తం తీశారనీ, ఫలితం చూసి దేశం నుంచి వెళ్లగొట్టారనీ అతను చెప్పలేదు. కూతురు మీరిమ్ కడుపులో పడ్డాక ఆసుపత్రిలో మామూలుగా చేసే పరీక్షల్లో ఆమెకి హెచ్‌ఐవి అని తేలింది. ఇంటికొచ్చి అందరి ముందూ చెప్పింది. జైనప్ మొదటి మాట "ఎవడి దగ్గర తెచ్చుకున్నావు?" తుర్సునాయ్ మొగుడి వైపు చూసింది. అతను రొట్టె ముక్కని టీలో ముంచుకుంటున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు కూచుని, నానిన ముక్కని జాగ్రత్తగా నోట్లో పెట్టుకున్నాడు. అతన్ని ఆమె దేనికైనా క్షమించగలదేమో గానీ ఆ రొట్టె ముక్కకి మాత్రం కాదు. తర్వాత నెమ్మదిగా తల్లికి నిజం చెప్పాడు. చెప్పినందువల్ల మారిందేమీ లేదు. "మగాడికి వంద తగుల్తాయి, పోతాయి. ఆడదానికి అంటుకుంటే ఇల్లు పోతుంది" అంది జైనప్. అలా కొడుకు అందరితో కలిసి ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టి పలావు తింటూనే ఉన్నాడు. కోడలికి విడి గిన్నె వచ్చింది.

మాత్రలు వేసుకుంది, మీరిమ్ ఏ జబ్బూ లేకుండా పుట్టింది. ఇప్పుడు బడికి పోతోంది. క్రమం తప్పకుండా వేసుకుంటే ఒంట్లో వైరస్ పరీక్షకి కూడా అందనంతగా అణిగిపోతుంది, ఇంకొకరికి అంటదు. తుర్సునాయ్‌కి అలాగే అణిగింది. ఎర్మెక్ వేసుకోడు. మాత్ర మింగడమంటే జబ్బుందని ఒప్పుకోవడమే కదా. హెచ్‌ఐవి కేంద్రం వాళ్లిచ్చిన మాత్రల సీసా తెచ్చి దొడ్లో బూడిదలో పారేస్తాడు.

ఆ కేంద్రంలోనే తుర్సునాయ్ ఇప్పుడు సలహాదారు. కొత్తగా తెలిసి ఏడుస్తూ వచ్చే ఆడవాళ్ల పక్కన కూచుని, "నాకూ ఉంది, చూడు, బతికే ఉన్నాను" అని చెప్పడం ఆమె ఉద్యోగం. ఊళ్లో మాత్రం ఆసుపత్రిలో ఊడుస్తుందని అనుకుంటారు. అత్తగారు ప్రచారం చేసిన మాట అది.

కిందటి వారం ఓష్‌లో ఈ జబ్బు మీద మూడు దేశాల సమావేశం జరిగింది. తాజిక్‌లు, ఉజ్బెక్‌లు, ఇక్కడి కిర్గిజ్ వాళ్లు. పొద్దున తుర్సునాయ్‌ని తెర వెనక కూచోబెట్టి, పేరు మార్చి, బాధితురాలి గొంతు వినిపించారు. బయట చప్పట్లు కొట్టారు. తెర తీశాక కేంద్రం డాక్టర్ అనారా దగ్గరికొచ్చి, "అమ్మాయ్, అతిథులకి టీ పొయ్యవూ, నీ చేతి టీ బాగుంటుంది" అంది. ఇంట్లో కోడలు, ఆఫీసులోనూ కోడలే. తెర వెనక చెప్పిన గొంతూ, టీ పోసే చెయ్యీ ఒకరివేనని ఎవరికీ తట్టలేదు. అయినా పని జరగలేదని ఆమె అనదు. ఏ దేశం మనిషైనా ఏ దేశంలో చిక్కుకున్నా అక్కడి కేంద్రం మాత్రలివ్వాలని ఒప్పుకున్నారు. పనికెళ్లి తిరిగొచ్చేవాళ్లకీ, వాళ్ల భార్యలకీ పరీక్షలు చెయ్యాలని ఒప్పుకున్నారు. సలహాదార్లు ఒకరి ఫోన్లు ఒకరు రాసుకున్నారు. అప్పుడు తుర్సునాయ్ టీ కూజా పట్టుకునే అడిగింది, "మరి రిజిస్ట్రీ లేని నిఖాలకి పరీక్ష ఎవరు చేస్తారండీ?" అని. ఒక పెద్దాయన నవ్వాడు. "మసీదులోకి సిరంజి పట్టుకెళ్లమంటావా అక్కా?" అన్నాడు. మిగతావాళ్లూ నవ్వి పియాలాలు ముందుకి చాపారు.

నవ్వనిది ఒక్క దిల్బర్. అందిజాన్ కేంద్రంలో నర్సు, లావుపాటి ఉజ్బెక్ మనిషి. మెట్ల మీద కూచుని పుచ్చగింజలు ఒలుస్తూ సంగతంతా విన్నది.

"మా వైపు పిల్లేనా? ఊరు మా కేంద్రానికి దగ్గరే. కావాలంటే నేనే పోయి పరీక్ష చేసొస్తా. ఏం లాభం, ఇవాళ ఆ పిల్లకేం ఉండదుగా. రేపొచ్చే జబ్బుకి ఇవాళ పరీక్ష ఎట్లా చేసేది?"

"మా ఆయన సంగతి నువ్వు చెప్పలేవా?"

"నేనూ చెప్పకూడదు, నువ్వూ చెప్పకూడదు. ఒకరి రోగం ఇంకొకరు బయటపెట్టమని ప్రమాణం చేశాం కదా తల్లీ. ఇవాళ నీ మొగుడిది చెప్తే రేపు నా దగ్గరికొచ్చి ఏ ఆడది నోరు విప్పుతుంది? ఆయన చేతే చెప్పించు."

తుర్సునాయ్ ఆ ప్రయత్నమూ చేసింది. గురువారం ఉదయం ఎర్మెక్ గుర్రపు జీను బాగుచేసుకుంటూంటే ఎదురుగా నిలబడింది.

"పెళ్లి చేసుకో. నేను అడ్డం రాను. మాత్రలు మాత్రం వేసుకో. లేకపోతే ఆ పిల్లకి చెప్పు."

"నాకేం లేదు. ఎద్దులా ఉన్నా, కనపడట్లా?"

"నేనూ ఎద్దులాగే ఉన్నాను. అయినా విడి గిన్నె పెట్టారుగా."

అతను తోలుపట్టీ లాగి బిగించాడు. "కుళ్లు నీకు. పడుచుపిల్ల వస్తోందని కుళ్లు. ఎవరితో చెప్పినా అదే అంటారు. పోయి చెప్పుకో."

అక్కడే అతను నిజం మాట్లాడాడు. పెళ్లి వద్దని సవతి అంటే లోకం ఏమంటుంది? నీ కాబోయేవాడికి రోగం ఉందని సవతి అంటే ఎవరు నమ్ముతారు? శుక్రవారం తీసుకెళ్లడానికి మూకుడు నిండా నూనె పోసి బోర్సోకులు వేయిస్తూ ఆమె అదే ఆలోచించింది. నూనె చిట్లి మణికట్టు మీద పడ్డా చెయ్యి తియ్యలేదు. సవతి శుభకార్యానికి పిండివంటలు చెయ్యడానికి ఆమె చేతులు శుభ్రమైనవే అయ్యాయి. మాట అనడానికి మాత్రం నోరు పనికిరాదు. మొగుడి రోగం మొగుడిది, దాని మీద ఆమెకి హక్కు లేదు, సరే. మరి ఈ ఇంట్లో ఆమెకంటూ ఏముంది? పుట్టింటి నుంచి తెచ్చుకున్న పరుపులు ఆడపడుచులకి పోయాయి. జీతం అత్తగారి కొంగుముడిలోకి పోతుంది. మీరిమ్‌ని కూడా "మా వంశం పిల్ల" అంటారు. ఆలోచించగా ఆలోచించగా ఆమెకి నవ్వొచ్చింది. నిజంగా ఆమెదే అయినది, ఎవరూ పంచుకోవడానికి ముందుకు రానిది, ఒక్కటే ఉంది.

అది బయటపెడితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. సాయంత్రానికి రెండు వైపుల ఊళ్లకీ తెలిసిపోతుంది. బడిలో మీరిమ్ పక్కన ఎవరూ కూచోరు. ఈ ఇంటి గుమ్మం మూసుకుంటుంది. తెర వెనక పేరు మార్చి చెప్పడం వేరు, మనుషుల మొహాలు చూస్తూ చెప్పడం వేరు. ఆమెకి భయం వేసింది. చల్లారిన బోర్సోకులు గుడ్డలో మూటకట్టింది. తర్వాత మీరిమ్ బట్టలు కూడా ఒక సంచిలో సర్ది, కూతుర్ని ఓష్‌లో ఉన్న అక్క దగ్గర దింపి వచ్చింది. సెలవులకని చెప్పింది.

శుక్రవారం సరిహద్దులోని దోస్తుక్ గేటు దాటి మధ్యాహ్నానికి సబీరా ఇంటికి చేరారు. ఎర్మెక్ మగవాళ్లతో బయటే ఉండిపోయాడు. లోపల పరుపుల మీద ఆడవాళ్లంతా వరసగా కూచున్నారు. జైనప్‌ని అందరికన్నా పైన కూచోబెట్టారు. మాటలు జోరుగా సాగాయి. "మా ఇంట్లో కోడళ్లు అక్కాచెల్లెళ్లలా ఉంటారు" అని జైనప్ కోతలు కోసింది. సబీరా తల్లి తుర్సునాయ్ చెయ్యి పట్టుకుని, "నీలాంటి పెద్ద మనసు ఎవరికుంటుందమ్మా" అంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఇంత ఆప్యాయంగా ఆమె చెయ్యి ఎవరైనా పట్టుకుని చాలా కాలమైంది.

తెల్ల తలగుడ్డ కప్పి సబీరాని తీసుకొచ్చి మధ్యలో కూచోబెట్టారు. ఇంకా బుగ్గల్లో పసితనం పోని పిల్ల. వేళ్ల మీద సూది గుచ్చుకున్న మచ్చలున్నాయి. తుర్సునాయ్ మోకాళ్ల మీద కూచుని తలగుడ్డ పక్కకి తీసింది. వెండి పోగు చేతిలోకి తీసుకుంది. పిల్ల చెవి దగ్గరికి వంగినప్పుడు, ఎవరికీ వినపడకుండా సబీరా అడిగింది.

"అక్కా, మీకు నిజంగా ఇష్టమేనా? లేదంటే చెప్పండి. మీ ఉసురు పోసుకుని నేనెట్లా బతుకుతాను?"

అలా ఆమె ఇష్టం గురించి పెళ్లయిన ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. తుర్సునాయ్ పోగు తొడగలేదు. దాన్ని పిల్ల అరచేతిలో పెట్టి, ఆ గుప్పిట మూసింది. "కానియ్యి, చల్లారిపోతోంది" అంది జైనప్, మాంసం పళ్లెం వైపు చూపిస్తూ.

తుర్సునాయ్ లేచి నిలబడి తల ఎత్తింది. అత్తగారి ముందు అలా నిలబడటం ఆమెకి అదే మొదటిసారి. మాట్లాడితే గొంతు వణుకుతుందనుకుంది గానీ, కేంద్రంలో ఏడ్చేవాళ్లతో మాట్లాడే గొంతే వచ్చింది.

"నాకు హెచ్‌ఐవి ఉంది. మీరిమ్ కడుపులో ఉండగా తెలిసింది. మందులు వాడుతున్నాను, నావల్ల ఎవరికీ భయం లేదు. నేను పుట్టి బుద్ధెరిగాక నా మొగుడు తప్ప ఇంకో మగాణ్ణి ఎరగను. నా సంగతి నేను చెప్పాను. మిగతా సంగతి ఇదిగో, ఇక్కడే కూచున్న మా అత్తగారిని అడగండి."