ముడి లేని గీత

జ్యోతిలక్ష్మి వాకిట్లో నీళ్లు చల్లడం మానేసి ఏడాది దాటింది. చల్లేంత నీళ్లు లేవు. పొద్దున్నే చీపురుతో దుమ్ము ఒక పక్కకు తోసి, అరచేతంత ముగ్గు వేసి, కాఫీ గ్లాసు పట్టుకొని కారు షెడ్డు అరుగు మీద కూర్చునేది. ముగ్గురికి పెట్టే చెయ్యి ఒక్కరికి పెట్టడం ఇంకా నేర్చుకోలేదు. మిగిలిన కాఫీ మధ్యాన్నం చల్లగానే తాగేది.

షెడ్డులో మామ కాలంనాటి నల్లటి ఇంగ్లీషు కారు. స్టీరింగు వెనక, మీటర్ల చుట్టూ, ఆ తలుపు నుంచి ఈ తలుపు దాకా అక్రోటు చెక్క. కారు పోయిన దోవలన్నీ ఆ చెక్క మీద పడేవి, చారల్లో చారగా. కళ్యాణదుర్గం కాడి చేనికి పోయే దోవ రోజూ పోయేదే కాబట్టి వేలంత మందం. తిరుపతి దోవ వెంట్రుకంత. కారు ఆగిన చోట చిన్న ముడి పడేది.

గీత తేలాలంటే వాన పడాలి. ఎండాకాలమంతా తిరిగిన దోవలు తొలివానకు ఒక్కసారే పైకొచ్చేవి. మొగుడు దివాకర్‌కు షుగరు వచ్చిన కొత్తలో, ధర్మవరం పోయొచ్చి మజ్జిగ చాలని పడుకున్నాడు. వారానికి వాన పడింది. మిఠాయి అంగడి దగ్గర శనగగింజంత ముడి తేలింది. జ్యోతిలక్ష్మి మూడు రోజులు మొగుడికి అన్నం పెట్టింది గానీ మాట పెట్టలేదు.

పోయిన ఏడాది మే నెలలో దివాకర్‌కు చేన్లోనే గుండె పట్టేసింది. కొడుకు ప్రణీత్ కార్లో పడుకోబెట్టుకొని అనంతపురం ఆసుపత్రికి తెచ్చాడు. అరగంట ముందు తెచ్చింటే, అన్నాడు డాక్టరు.

ప్రణీత్‌ది దోవలో ఆగే గుణం. టీ అంగడి కనిపిస్తే బ్రేకు, స్నేహితుడు కనిపిస్తే బ్రేకు. వాళ్ల ఊరు బుక్కరాయసముద్రం అంతా ఎరిగినదే. కర్మలయిన మర్నాడు, చుట్టాలంతా పోయాక, జ్యోతిలక్ష్మి అడిగింది.

"యాడ నిలబెట్టినావురా కారు?"

"యాడా నిలబెట్టలేదు మా."

"వాన రానీ. చెక్కే చెప్తాది."

వాడు తల్లి మొహం చూశాడు. మర్నాడు పొద్దున కారు తీసుకొని పోయి పొద్దుగూకేసరికి తెచ్చి షెడ్డులో పెట్టాడు. తాళాలు వంటింట్లో ఉప్పు డబ్బా మీద పెట్టాడు. ఆ మర్నాడు తెల్లారేసరికి మనిషి లేడు. ఫోను మంచం మీదే ఉంది.

ఉప్పు కావాల్సినప్పుడల్లా ఆమె తాళాలు తీసి, ఉప్పు వేసుకొని, మళ్లీ వాటిని అక్కడే పెట్టేది.

ఆ ఏడాది వాన రాలేదు. ఊరంతా వాన కోసం మొక్కింది. జ్యోతిలక్ష్మి సగం మనసుతో మొక్కింది. గీత తేలితే వాడు మాయమయ్యే ముందు రోజు యాడికి పోయినాడో తెలుస్తుంది. గీత తేలితే ఆసుపత్రి దోవలో యాడ ఆగినాడో కూడా తెలుస్తుంది.

ఉండబట్టక కొన్నాళ్లు తడిగుడ్డతో ఆ చెక్కను రోజూ తుడిచింది. గీత తేలలేదు. చెక్క తెల్లబారింది, అంచులు లేచాయి. ఎండకు పైన పాలిష్ పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఈ ఎండాకాలం ఎలుకలు వైర్లు కొరకడం మొదలుపెట్టినాక కారు అమ్మేద్దామనుకుంది.

బెంగుళూరు నుంచి భరత్ అని ఒకాయన వచ్చి చూశాడు. పాత కార్లంటే పిచ్చి ఆయనకు.

"అంతా బాగుంది ఆంటీ. ఈ చెక్క మాత్రం మార్పించండి. ఇంకొకరు పోయిన దోవలు కండ్ల ముందర పెట్టుకొని యెట్ల తోలేది?"

న్యాయమే అనిపించింది. ఎవరు కొన్నా ఆ మాటే అంటారు.

*

కళ్యాణదుర్గం నుంచి పుల్లన్న వచ్చాడు. ఒకప్పుడు విత్తనాలు వేసే గొర్రులు చేసిన వడ్రంగి. ట్రాక్టర్లు వచ్చాక గొర్రులు అడిగేవాళ్లు లేక తలుపులు, మంచాలు చేస్తున్నాడు. సంచి దించి, కార్లోకి తల పెట్టి, చాలాసేపు బయటికి రాలేదు.

"ఏ నీళ్లతో తుడిచినావమ్మా దీన్ని?"

"బోరు నీళ్లు. వేరే నీళ్లు యాడుండాయి?"

"ఉప్పు నీళ్లు చెక్క తాగుతుందా? నువ్వు తాగుతావా?"

"నేను తాగుతాండేది అవే."

పుల్లన్న నవ్వాడు. ఆమె నవ్వలేదు గానీ మొహం కొంచెం సడలింది. ఆ షెడ్డులో మనిషి నవ్వు విని చాన్నాళ్లయింది.

మీటర్లు ఒక్కొక్కటే విప్పి గుడ్డ మీద వరసగా పెట్టాడు. మరలు తీసి చెక్కను రెండు చేతుల్తో, పసిబిడ్డను తీసినట్టు బయటికి తీశాడు. అరుగు మీద పరిచాడు.

"పైపొర చీలకుండా ఊడదీయాల. కొత్తదానికి అచ్చు అదే. మీటర్ల బొక్కలన్నీ దాన్ని బట్టే కోయాల. కోసినాక ఏం చేయమంటావు దీన్ని?"

"పొయ్యిలో పెట్టు," అంది. అని లోపలికి పోయింది.

ఇస్త్రీపెట్టె కావాలని పిలిస్తే తెచ్చిచ్చింది. పుల్లన్న సంచిలోంచి సీసా తీశాడు. అందులో సగానికి నీళ్లు, తేటగా.

"యాడివి పుల్లన్నా?"

"వాన నీళ్లు. మూడేండ్ల కిందట మా ఇంటి చూరు కింద పట్టినా. బోరు నీళ్లు తగిల్తే తెల్లగా పేరుకుంటాది, పాలిష్ పట్టదు. మా నాయన గూడా ఇంతే. ఇంట్లో తాగనీకి లేకపోయినా చెక్కకు మాత్రం దాచేటోడు."

గుడ్డ తడిపి చెక్క మీద పరిచాడు. పైన ఇస్త్రీపెట్టె ఆనించాడు. బంక కరిగే వాసన వచ్చింది. దాని వెనకే తొలివాన వాసన.

జ్యోతిలక్ష్మి గుమ్మం పట్టుకుంది.

పుల్లన్న గుడ్డ ఎత్తాడు. కుడిపక్క అంచులో, పాత చేని దోవ పక్కనే, కొత్త గీత ఒకటి ఎర్రగా తేలుతోంది.

"ఏదో కొత్త దోవ వస్తాండాదమ్మా," అన్నాడు మామూలుగా. "చేని కాడ మొదులయ్యింది."

ఆమె దగ్గరికి పోలేదు. "ముడులు ఎన్ని?"

పుల్లన్న బొటనవేలి గోరు గీత మీద పెట్టి మెల్లగా జరిపాడు. కళ్యాణదుర్గం దాటించాడు. టీ అంగళ్లుండే రెండు కూడళ్లూ దాటించాడు. అనంతపురం లోపలికొచ్చి ఆపాడు.

"ఆసుపత్రి కాడ ఒకటి ఉండాది. అంతే. మధ్యలో యాడా లేదు. నున్నగా ఉండాది."

"సరిగ్గా చూడు."

"నలభై ఏండ్లు చెక్క పని చేసినా. ముడి ఉంటే గోరు చెప్తాది తల్లీ. ఈ బండి తోలినోడు ఊపిరి గూడా పీల్చినట్టు లేదు."

ఆమె వచ్చి అరుగు మీద కూర్చుంది. తన వేలు పెట్టి చూసుకుంది. చేని నుంచి ఆసుపత్రి దాకా. మళ్లీ చేని నుంచి ఆసుపత్రి దాకా. పుల్లన్న ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తాడు ముక్క ఒకటి వెతుకుతున్నట్టు సంచిలోకి తల పెట్టాడు.

వేలు తీయకుండానే ఆమె అంది, "ఇంగొక గీత ఉండాల. దాని తర్వాతది. ఇంగా నీళ్లు పొయ్యి."

"మిగిలింది పాలిష్‌కు తల్లీ."

"పాలిష్ వద్దు."

సీసా మొత్తం వంచాడు. రెండో గీత నిదానంగా వచ్చింది. బుక్కరాయసముద్రంలో బయల్దేరి దక్షిణానికి, పెనుకొండ పక్కగా, హిందూపురం దాటి, మడకశిర అవతల చిన్న దోవలోకి తిరిగి ఆగింది. ఆడ ముడి వేరుశనగ కాయంత ఉంది. పొద్దంతా ఆగిన ముడి.

"ఈ పక్క నేను గొర్రులు ఇచ్చినా," అన్నాడు పుల్లన్న. "గుట్ట కింద ఇరవై ఇండ్లు. అంతా గొర్రెలోళ్లు. మీవాళ్లు ఎవరుండారు ఆడ?"

కుళ్లాయప్ప ఉన్నాడు. ముప్పై ఏండ్లు ఈ కారు తోలిన మనిషి. ప్రణీత్‌ను ఒళ్లో కూర్చోబెట్టుకొని స్టీరింగు పట్టించిన మనిషి. చూపు తగ్గాక సొంతూరికి పోయి గొర్రెలు పెట్టుకున్నాడు. మడకశిర పక్క అనడమే గానీ ఊరి పేరు ఎవరూ అడగలేదు.

లోపల ఫోను మోగింది. భరత్. ఆమె ఎత్తలేదు.

*

పుల్లన్న కొత్త చెక్క బిగించిన మర్నాడు పొద్దున బస్సెక్కింది. ఒడిలో సంచి, సంచిలో తువ్వాలు, తువ్వాల్లో చాపలా చుట్టిన పాత పొర. హిందూపురం దాటాక బస్సులో మాటలు కన్నడంలోకి తిరిగాయి. ఎవరూ ఆమెను పలకరించలేదు. తువ్వాలు కొంచెం తెరిచి, మలుపు వచ్చినప్పుడల్లా గీతతో సరిచూసుకుంది.

కుళ్లాయప్ప ఇంటి ముందర తాడు పేనుతున్నాడు. అడుగుల చప్పుడును బట్టే పోల్చుకొని లేచి నిలబడ్డాడు.

"అమ్మా."

"బాగుండావా కుళ్లాయప్పా?"

"ఉండానమ్మా. చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు." చెయ్యెత్తి గుట్ట వైపు చూపించాడు.

గుట్ట వారన గొర్రెలు, వాటి నడుమ గడ్డం పెరిగిన మనిషి. తల్లిని చూసి వాడు పరుగెత్తలేదు, పక్కకు పోలేదు. కర్ర ఆనుకొని నిలబడ్డాడు. ఆమె రాళ్లలో నడిచి దగ్గరికొచ్చేసరికి రొప్పుతోంది. తువ్వాలు విప్పి పొర వాడి చేతికిచ్చింది.

"యాడా నిలబెట్టలేదు నువ్వు," అంది. "చూసినా."

ప్రణీత్ గీత మీద బొటనవేలు పెట్టాడు. చేని నుంచి మొదలుపెట్టాడు. ఆసుపత్రి దాకా పోవడానికి చాలాసేపు పట్టింది. గొర్రెలు వాళ్ల చుట్టూ తిరిగి అవతలికి పోయాయి.

"కారు?" అన్నాడు, తలెత్తకుండా.

"ఉండాది. వడ్రంగి కొత్త చెక్క ఏసినాడు. పాలిష్ లేదు."

"ఏముండాది దాని మీద?"

"ఏం లేదు నాయనా. ఒక్క గీత గూడా లేదు."

వాడు పొరను మళ్లీ తువ్వాల్లో చుట్టాడు. మూలలు జాగ్రత్తగా మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"తాళాలు యాడ పెట్టినావు మా?"

"నువ్వు పెట్టిన చోటే ఉండాయి."