టోకెన్ లేని మనిషి

పొద్దున ఏడింటికి ఇల్లు దాటిన సదాశివ మధ్యాహ్నం మూడైనా తిరిగి రాలేదు. మే నెల ఎండ. మనిషికి షుగరు. పొద్దుటి సూది పడలేదు, కడుపులోకి మెతుకు పోలేదు. అన్నిటికీ మించి, ఎనిమిది నెలలుగా ఆయన బుర్రలో ఏ సంవత్సరం నడుస్తోందో ఎవరికీ తెలియదు.

ఆయన భార్య లచ్చమ్మ మెట్టుగూడ మెట్రో స్తంభాల కింద నిలబడి వచ్చేపోయేవాళ్లకు ఫోనులో ఫొటో చూపిస్తోంది. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు మెయిన్ గేటుకు రెండుసార్లు పోయొచ్చింది. అటు రాలేదన్నారు. ఆస్పత్రి చూసింది, స్టేషన్లో ప్లాట్‌ఫారాలన్నీ తిరిగింది. బిడ్డ సృజన మౌలాలి వైపు వెతుకుతోంది. జనం ఫొటో చూసేది ఒక్క క్షణం, అయ్యో అనేది ఇంకో క్షణం. అయ్యో అనడానికి ఎవరి సొమ్మూ పోదు కదా.

బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలాయన మాత్రం ఫోను చేతిలోకి తీసుకుని నిదానంగా చూశాడు. ఎరగనన్నాడు. ఆ తర్వాత, పోయేముందు ఏమన్నాడమ్మా అని అడిగాడు.

లచ్చమ్మకు ఒళ్లు మండింది. మతి లేని మనిషి మాట పట్టుకుని ఈయనేం చేస్తాడట? అయినా చెప్పింది. ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె పగిలేలా ఉంది. సదాశివ వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరుగా చేశాడు. ఇప్పుడు పొద్దున సైరన్ వినబడగానే చొక్కా తొడుక్కుని, నా టోకెన్ ఏదీ అంటాడు. గేటు దగ్గర ఇచ్చి హాజరు వేయించుకునే ఇత్తడి బిళ్ళ అది. రిటైరైన రోజే వాపసు ఇచ్చేశాడు. నౌకరీ అయిపోయిందని ఆమె రోజూ చెబుతుంది. ఆయన రోజూ గూట్లో, బియ్యం డబ్బాలో, దిండు కింద వెతుకుతాడు. ఇవాళ ఆమె ఓపిక చచ్చిపోయింది.

"టోకెన్ లేకుంటే ఏమైతది, గట్లనే పొమ్మన్న. నేనే ఎల్లగొట్టినన్నా," అని లచ్చమ్మ ఫుట్‌పాత్ మీద కూలబడింది.

ముసలాయన బస్సు వచ్చింది. ఆయన ఎక్కలేదు.

"టోకెన్ లేనోడు మెయిన్ గేటుకు రాడమ్మా," అన్నాడు. "నేను సుత ఆడనే చేసిన."

పేరు నోవహు అట. వెల్డర్ అట. టోకెన్ మరిచి వచ్చినవాడు వెనక గోడకున్న టైం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడాలి. తెలిసినవాళ్లు ఎవరైనా వచ్చి మావోడే అని పేరూ నంబరూ చెప్పేదాకా కదలకూడదు. కదిలితే ఆ రోజు హాజరు పోయినట్టే. సదాశివ ఏనాడూ టోకెన్ మరిచిపోలేదు కాబట్టి లచ్చమ్మకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేకపోయింది. ఆ కిటికీ మూసేసి ఏళ్లయిందని కూడా నోవహు అక్కడికి పోతూ ఆటోలో చెప్పాడు.

సదాశివ అక్కడే ఉన్నాడు. ఇటుకలు పేర్చి మూసేసిన కిటికీ ముందు, ఎండలో, చేతులు కట్టుకుని. పెదవులు పగిలాయి. ప్యాంటు తడిసింది. లచ్చమ్మ పరుగెత్తి చేయి పట్టి లాగింది, ఇంటికి రమ్మని బతిమాలింది. నీళ్ల సీసా నోటికి పెడితే తల పక్కకు తిప్పేసుకున్నాడు.

"కదిల్తే ఆబ్సెంట్ పడ్తది," అన్నాడు గోడకేసే చూస్తూ.

ఎనిమిది నెలలుగా పిచ్చి వాగుడు అనుకున్నది ఇదన్నమాట. ఒక్కనాడు ఆబ్సెంట్ పడని మనిషి భయం. లచ్చమ్మకు ఏడుపు కంటే ముందు సిగ్గేసింది. నువ్వన్నా చెప్పన్నా అన్నట్టు నోవహు వైపు చూసింది.

"నేను ఆయనను ఎరుగ కదమ్మా. ఎరిగినోళ్లే చెప్పాలె."

లచ్చమ్మ కొంగు సర్దుకుని ఇటుకల వైపు తిరిగింది. కట్టుకున్నవాణ్ణి 'వాడు' అనడం జన్మలో అదే మొదలు. నంబరు మాత్రం తడుముకోలేదు, ముప్ఫై నాలుగేళ్లు టిఫిన్ డబ్బా మీద తోమిన నంబరే.

"మావోడే సారూ. పేరు సదాశివ. నాలుగువందల పదిహేడు."

సదాశివ భుజాలు కిందికి దిగాయి. సీసా లాక్కుని గటగటా తాగాడు, సగం చొక్కా మీదే పోయింది. తాగి, కిటికీ వైపు కాస్త వంగి, "రేపు టోకెన్ తెస్త సార్," అన్నాడు.

రేపు. మళ్లీ సైరన్, మళ్లీ దిండు కింద వెతుకులాట. దీనికి మందు లేదని డాక్టరు ఎప్పుడో చెప్పేశాడు. నౌకరీ అయిపోయిందయ్యా అనే మాట అలవాటుగా లచ్చమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"తెస్తడు సారూ," అంది.