రెండు తప్పు దెబ్బలు

పులివెందులకు బయలుదేరే ముందు జయపాల్ చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. ఇస్త్రీ అంగడి నుంచి నాలుగు పట్టుచీరలు తేవాలి. రవికెల్లో దూది సరిపోయిందో లేదో చూడాలి. అందరిచేతా రెండోసారి గడ్డం గీయించాలి. సవరాలు మరిచిపోకూడదు. జమ్మలమడుగులో ఆగి, బడి విడవగానే ఎడ్విన్ సార్‌ను ఎక్కించుకోవాలి. దస్తగిరికి తను ఇచ్చిన మాట అందరికీ చెప్పాలి.

ప్రొద్దుటూరులో వాళ్లది మగవాళ్ల నాట్య బృందం. ఆడవేషాలు కట్టి, శాస్త్రీయ నాట్యాన్ని వెక్కిరిస్తూ జనాన్ని నవ్విస్తారు. తాళాలు వాయించేది జయపాల్. అతను వరుసగా రెండు దెబ్బలు తప్పు వేశాడంటే ఎడ్విన్ వెనక నుంచి వచ్చి దస్తగిరి జడ తొక్కాలి, దస్తగిరి వెల్లకిలా పడాలి. పదకొండేళ్లుగా అదే పద్ధతి.

దస్తగిరి దర్జీ. చిన్నప్పుడు పులివెందులలో నిర్మలమ్మ టీచర్ దగ్గర ఏడేళ్లు నాట్యం నేర్చుకున్నాడు. వీళ్ల ఆటకు ఆమె ఎన్నడూ రాలేదు. ఈసారి వస్తానని కబురు పంపింది. అందుకే, “ఒగ పాట నిజంగా ఆడతా మామా, పడను,” అని అడిగాడు. జయపాల్ సరేనన్నాడు.

టెంపోలో ఎడ్విన్ ఊరుకుంటాడా.

“నువ్వు నిలబడి ఆడితే నా గతేందప్పా? నీ జడ తొక్కేదానికే గదా నేను బీఈడీ చేసింది.”

“ఈ పొద్దొకనాడు సెలవు పెట్టు సార్,” అన్నాడు దస్తగిరి.

కల్యాణమండపం నిండింది. దస్తగిరి ఆట మొదలుపెట్టగానే జనం అలవాటుగా నవ్వారు. మెల్లగా ఆ నవ్వు ఆగిపోయింది. నాలుగు నిమిషాలు గడిచాయి. పిల్లలు కూడా కదల్లేదు. జయపాల్‌కు తెలిసిన నిశ్శబ్దం ఒక్కటే, ఆట చెడిపోయినప్పటిది. చేతులు అలవాటున పోయాయి. రెండు దెబ్బలు తప్పు పడ్డాయి.

ఎడ్విన్ తటపటాయించాడు. అయినా తాళం తాళమే. వచ్చి తొక్కాడు. సవరం ఊడింది. దస్తగిరి ఒక్కసారి జయపాల్ వైపు చూసి, ఎప్పటికన్నా బాగా పడ్డాడు. మండపం విరగబడి నవ్వింది.

ఆట అయ్యాక నిర్మలమ్మ వేదిక వెనక్కి వచ్చింది. దస్తగిరి ముఖం కడుక్కోవడానికి పోయాడు.

“ఎందుకు ఆపిస్తివి నాయనా?”

“జనం నవ్వలేదమ్మా. పాడైపోతాందనుకుంటి.”

“చూస్తాండ్రి నాయనా,” అందామె. “వాళ్లు చూస్తాండ్రి.”

తిరుగు దారిలో జయపాల్ తప్పు ఒప్పుకున్నాడు. “పోనీలే మామా, జనమైతే నవ్వినారు గదా,” అని దస్తగిరి కిటికీ వైపు తిరిగాడు. ఆ తర్వాత రెండు ఆటలే ఆడాడు. ఇప్పుడు కువైట్‌లో బట్టలు కుడుతున్నాడు. మరుసటి వేసవిలో నిర్మలమ్మ పోయింది. ఆ పాట చివర ఎలా ఉండేదో ఆమె చూడనే లేదు, జయపాల్ చూడనివ్వలేదు.

మండపంలో ఉన్నవాళ్లను అడిగితే సవరం ఊడిన సంగతే చెబుతారు. చదివిన మీరైనా దస్తగిరిని గుర్తుపెట్టుకోండి. అతను నాలుగు నిమిషాలు పడకుండా ఆడాడు.