పోయిన ఏళ్ళతో సహా

వాయిదా రోజున పొద్దున్నే ఆవిడ చొక్కా ఇస్త్రీ చేస్తుంది, ఆయన గడప దగ్గర కూర్చుని బూట్లు తుడుచుకుంటాడు. ఇన్నేళ్ళలో చొక్కాలు చాలా చిరిగాయి గాని కొలత మారలేదు. మనిషి మారితే కదా! నీళ్ళ శాఖవాళ్ళు పంపుహౌసుని కాంట్రాక్టరు చేతిలో పెట్టి ఆపరేటర్లందర్నీ ఇంటికి పంపినప్పుడు ఆయనకెంత వయసో, ఇవాళ్టికీ అంతే. కేసు నడిచినన్నాళ్ళూ కక్షిదారుకి వయసు ఆగిపోవడం ఆ ఊళ్ళో మామూలే. మంగలి కూడా, "కేసులో ఉన్నారుగా, జుట్టెక్కడ పెరుగుతుంది, పోయి రండి" అనేవాడు.

వయసంతా ఆవిడ మీదే పడింది. పెళ్ళినాటికి ఆయనకంటే చిన్నది. ఇప్పుడు బస్సెక్కితే ఎవరో ఒకరు లేచి, "బాబూ, మీ అమ్మగారిని ఇటు కూర్చోబెట్టండి" అంటారు. మొదట్లో ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవారు. తర్వాత్తర్వాత ఆవిడ కిటికీలోంచి బయటికి చూడ్డం నేర్చుకుంది. కుట్టుమిషను తొక్కీ తొక్కీ మోకాళ్ళు పోయాయి. ఆయనకేమో అదే నల్ల జుట్టు, అదే ఆకలి, అదే కోపం.

ఆరోజు కోర్టు వరండాలో వకీలు వాళ్ళిద్దర్నీ పక్కకి పిలిచాడు.

"తమ్ముడూ, శాఖవాళ్ళు దిగొచ్చారు. కొత్తగా చేరినట్టు తీసుకుంటారట. పాత సర్వీసు మాత్రం వదులుకోవాలి."

"ఎందుకు వదలాలి? గెంటింది వాళ్ళు. ఒక్క రోజు కూడా వదలను."

"వదిలెయ్యండి," అంది ఆవిడ. "నాకా ఏళ్ళొద్దు. మీరు పనికెళ్ళి ఇంటికొస్తే చాలు."

"నీకు తెలీదు, ఊరుకో."

ఆయనది మొండితనమే గాని అన్యాయం కాదు. అదే కదా వచ్చిన ఏడుపు.

లోపలికెళ్ళాక జడ్జిగారు తీర్పు చదివారు. తొలగింపు చెల్లదన్నారు. ఉద్యోగంలోకి తిరిగి తీసుకోవాలన్నారు. మధ్యలో గడిచిన కాలమంతా, ఒక్క రోజు కూడా మినహాయించకుండా, సర్వీసు కిందే లెక్కించాలన్నారు.

ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన ముందున్న బల్లని పట్టుకున్నాడు. జుట్టు పాపిట దగ్గర్నుంచి తెల్లబడుతూ వచ్చింది. భుజాలు కుంగి చొక్కా వదులైంది. చూపు మసకబారింది.

శాఖ తరఫు వకీలు లేచాడు. "పిటిషనరు పదవీ విరమణ వయసు దాటిపోయారు. తమరు గమనించాలి."

"గమనించాం," అన్నారు జడ్జిగారు. గుమాస్తా తర్వాతి కేసు పిలిచాడు.

బయటికొచ్చాక వకీలు ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. "గెలిచాం, పెద్దాయనా! పెన్షను కాగితాలు నేను చూస్తాగా." ఇంకో వాయిదాకి టైమవుతోందంటూ వెళ్ళిపోయాడు.

ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. చేత్తో తడుముతూ, "ఎక్కడున్నావే?" అన్నాడు.

"ఇక్కడే."

"గెలిచాం కదే." గొంతు కూడా ముసలిదైపోయింది.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. "ఇన్నేళ్ళూ ఒక్కదాన్నే ముసలిదాన్నయ్యాను. ఇప్పుడు మీ ముసలితనం కూడా నేనే మొయ్యాలా?" అని అరిచేసింది. జనం చూస్తున్నా పట్టించుకోలేదు. అరిచాక పక్కనే కూర్చుని ఏడ్చింది. ఆయనా ఏడ్చాడు.

కాసేపటికి ఆవిడ చెయ్యందించింది. ఆయన లేవబోయి లేవలేకపోయాడు. ఆయన్ని లేపబోయి ఆవిడా కూర్చుండిపోయింది. వరండా ఊడ్చే మనిషి వచ్చి ఇద్దర్నీ చెరో రెక్కా పట్టుకుని లేపేదాకా ఆ మెట్ల మీదే ఉన్నారు.