ఎండని కాయ

మార్చి ఎండకి కల్లమంతా మిరపకాయ గలగలమంటోంది గానీ, నడిమధ్య ఒక్కచోట మాత్రం ఎండటం లేదు. ఎన్నిసార్లు తిరగేసినా తెల్లారేసరికి అక్కడి కాయ చెమ్మగిల్లి, తెల్లబారి తాలయిపోతోంది. అదీ గుండ్రంగా, ఎవరో గీత గీసినట్టు.

లిడియాది చీరాల. పదేళ్లు గుంటూరులో ఓ స్వచ్ఛంద సంస్థకి విరాళాలు సేకరించింది. తరవాత సొంతంగా మిరప్పొడి ఎగుమతి వ్యాపారం పెట్టి నిలదొక్కుకుంది. ఆ రెండు విద్యలూ కలిపి ఈ ఊళ్లో కారం మిల్లు కట్టించింది. తొమ్మిదేళ్ల కిందట కొట్లాట జరిగాక ఇక్కడ ఊరివాళ్లూ పేటవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఇప్పుడు రెండు వైపుల ఆడవాళ్లూ ఒకే కల్లంలో కూర్చుని తొడిమలు తీస్తున్నారు. స్థలం ఊరివాళ్లే ఊరికే ఇచ్చారు. శాంతి సభల్లో లిడియా ఆ సంగతి గర్వంగా చెప్పుకునేది. శనివారం మిల్లుకి డబ్బిచ్చిన విదేశీ దాతలు చూడ్డానికొస్తున్నారు.

"ఇక్కడెవరో దగ్గుతున్నారు లిడియమ్మా," అంది ఎలీసమ్మ, ఆ గుండ్రం పక్కన కూర్చుని. ఆమెది పేట. కొట్లాట రోజు బయటికెళ్లిన ఆమె కొడుకు నతానియేలు ఇప్పటికీ ఇంటికి రాలేదు.

"ఘాటుకి అందరం దగ్గుతున్నాం కదా పెద్దమ్మా."

మధ్యాహ్నం అందరూ అన్నాలకి వెళ్లారు. మిల్లు ఆపేశారు. లిడియా ఒక్కతే కల్లంలో నిలబడి ఉండగా దగ్గు వినపడింది. పొడి దగ్గు. గొంతు సవరించుకుని ఏదో అడగబోయి ఆగినట్టు. చుట్టూ ఎవరూ లేరు. మళ్లీ వినపడింది, ఈసారి సరిగ్గా కాళ్ల కింద. ఆమె వంగి, కాయ పక్కకి నెట్టి, సిమెంటు మీద అరచెయ్యి ఆనించింది. అంత ఎండలోనూ ఆ నేల నీళ్లకుండలా చల్లగా ఉంది.

ఊరి ఆడవాళ్లకి పెద్ద దిక్కు వెంకాయమ్మ. లిడియా ఆమెని చాటుకి పిలిచి, "అక్కడ ముందు ఏముండేది?" అని అడిగింది.

వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బావి. కొట్లాటైన వారంలోనే పూడ్చేశారు."

"మీకూ వినపడుతోందా?"

"మొదటి రోజు నించీ. తవ్వించకండి లిడియాగారూ. ఇప్పుడిప్పుడే అందరూ కలిసి అన్నం తింటున్నారు. ముందు దాతల్ని వచ్చి వెళ్లనివ్వండి."

లిడియాకి ఒళ్లు జలదరించింది. సరిగ్గా ఆ మాటే తన నాలుక చివర కూడా ఉంది మరి.

అయినా మర్నాడు పోలీసుల ఎదుట కల్లం పగలగొట్టించింది. పద్దెనిమిది అడుగుల లోతులో ఎముకలు దొరికాయి. కుడికాలి ఎముకకి స్టీలు రాడ్డు ఉంది. "ట్రాక్టరు మీదనించి పడితే వేయించాం," అంది ఎలీసమ్మ. ఏడవలేదు. ఊరివాళ్లలో ఇద్దర్ని పోలీసులు తీసుకెళ్లారు. అందులో ఒకడు వెంకాయమ్మ మరిది. మిల్లుకి తాళం పడింది. ఊరు కలిసిపోయిందని ఇన్నాళ్లూ తను రాసింది నిజం కాదని లిడియా దాతలకి ఉత్తరం పంపింది. వాళ్లు రాలేదు.

సమాధి చేసే రోజు ఊరినించి వెంకాయమ్మ ఒక్కతే వచ్చింది. సమాధుల తోట గేటు బయటే ఆగిపోయింది. ఎలీసమ్మ ఆమె దగ్గరికి నడిచింది.

"తెలిసీ నా పక్కన కూర్చుని కాయలేరావు గదే."

వెంకాయమ్మ తలెత్తలేదు. వెనకాల నిలబడ్డ లిడియా కూడా ఎత్తలేకపోయింది.

ఎలీసమ్మ వెంకాయమ్మ చెయ్యి పట్టుకుని గుంట దాకా తీసుకొచ్చి, గుప్పెడు మన్ను చేతిలో పోసింది. "వెయ్యి."

వెంకాయమ్మ వేసింది. చెయ్యి దులుపుకోకుండా అలాగే నిలబడింది.