తిరిగొచ్చే టైర్లు

గిడ్డమ్మ సంచి సర్దుతున్నది గిడ్డమ్మ కాదు, ఆమె తోడికోడలు సుబ్బరత్నమ్మ. అడుగున నాలుగు చీరలు పరిచి వాటిమీద దుప్పటి పెట్టింది. మళ్ళీ అన్నీ బయటికి తీసి, దుప్పటిని అడుగున వేసి చీరలను పైకి తెచ్చింది. ఉగ్గాని చేసుకోవడానికని బొరుగుల పొట్లం ఒక మూలకు దోపింది. కాసేపు దాని వంక చూసి, ఆ మూల నుంచి తీసి ఈ మూలకు మార్చింది.

మంచం మీద కూర్చుని నశ్యం పీలుస్తున్న గిడ్డమ్మకు ఓపిక అయిపోయింది.

“సంచి సర్దుతాండావా అక్కా, కొత్తగా కుడుతాండావా?”

“నీకు సర్దేది వస్తే నాకెందుకే ఈ కర్మ? మొన్న అహోబిలం పోయినప్పుడు పచ్చడి జాడీ పండబెట్టి చీరలన్నీ ఊరేసినావు గదా.”

“మొన్నా? అప్పటికి నీ కొడుకే పుట్టలేదు.”

“పుట్టకుంటే? మరక పోయిందా?”

గిడ్డమ్మ అసలు పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా లేదు. మనిషి పొట్టి కాబట్టి, బేతంచెర్లకు కోడలుగా వచ్చిన రోజే గిడ్డమ్మ అయిపోయింది. అన్నదమ్ములను చేసుకున్న ఈ ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుతూ, ఒకరి వంటకు ఒకరు వంకలు పెడుతూ ముసలివాళ్ళయ్యారు. మొగుళ్ళిద్దరూ పోయాక ఆ పోట్లాట ఆపే దిక్కు కూడా లేకపోయింది. ఇప్పుడు గిడ్డమ్మ కొడుకు ధనుంజయ రాయచోటిలో బండల దుకాణం పెట్టాడు. కొత్తగా ఇల్లు చూసుకుని, అమ్మను వచ్చెయ్యమన్నాడు.

“పీడ వదుల్తాది” అని సుబ్బరత్నమ్మ వీధంతా చెప్పి వచ్చింది. చెప్పి వచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. ఆమెకు ప్రయాణాలంటే మొదటినుంచీ భయం. స్టేషన్‌లో రైలు కూస్తే చాలు, ఎవరు ఎక్కి పోతున్నారో అని గడప దాకా వచ్చి నిలబడేది. ‘పోయొస్తా’ అని ఆ గడప దాటిన తమ్ముడి జాడ బళ్ళారి దాకా తెలిసి, అక్కడ ఆగిపోయింది. మొగుడు కడప ఆసుపత్రికి నవ్వుతూ పోయి తెల్లగుడ్డలో వచ్చాడు. అయితే ఈ బాధ ఎవరితో చెప్పుకోవాలి? బతుకంతా తిట్టిన మనిషిని ఉండమనడానికి నోరెలా వస్తుంది?

పురోహితుడు ఆ రోజుకే మంచి గడియ పెట్టాడు. వారం తిరిగితే మూఢం. మూఢం రోజుల్లో కొత్త ఇంట కాలు పెట్టకూడదు కాబట్టి, ఈ వారం తప్పితే గిడ్డమ్మ మళ్ళీ కదలడానికి నెలలు పడుతుంది. సంచి అంత మెల్లగా నిండడం వెనక ఉన్న సంగతి అది.

అప్పుడే డ్రైవరు గాబ్రియేలు వాకిట్లోకి వచ్చి, సుబ్బరత్నమ్మ కొడుకు రాఘవేంద్రప్రసాద్‌ను పిలిచాడు.

“శెట్టీ, బండి ఈ పొద్దు కదిలేటట్టు ల్యా.”

రాఘవేంద్రప్రసాద్‌కు బండల పాలిష్ ఫ్యాక్టరీ ఉంది. దానికి తగ్గట్టు దర్జాగా ఉండాలని, బెంగళూరులో ఒక కంపెనీ యజమాని వాడి వదిలేసిన పెద్ద విదేశీ బండిని ఆ మధ్యే తెచ్చుకున్నాడు. నల్లబండి అని కొన్నాడు గానీ, బేతంచెర్ల రాతి దుమ్ము దాన్ని వారంలోనే తెల్లబండిని చేసింది. ఎత్తు ఎంతంటే, గిడ్డమ్మ ఎక్కాలంటే ముందు పీట వెయ్యాలి.

“ముందు టైరుకు గడ్డ లేచింది. తక్కిన మూడూ మన ఫ్యాక్టరీలో పాలిష్ పట్టినట్టు నున్నగైనాయి. ఈటితో రాయచోటి దోవలో గువ్వలచెరువు ఘాటు రోడ్డు నేను ఎక్కించను శెట్టీ. ఆ ప్రభువు దిగొచ్చి చెప్పినా ఎక్కించను.”

“అయ్యో, ఎంత పని జరిగె!” అంది సుబ్బరత్నమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. లోపల అమ్మవారికి టెంకాయ కూడా మొక్కేసుకుంది.

గిడ్డమ్మ ఆ వెలుగును చూసింది. నశ్యం డబ్బీని సంచిలో పడేసి గట్టిగా ముడి వేసింది.

“అయితే ప్రస్థానం పెట్టండి.”

ప్రయాణం ఆగినా గడియ తప్పిపోకుండా పెద్దలు పెట్టిన ఉపాయం అది. మంచి గడియలో మనిషికి బదులు సంచి గడప దాటి, పోవలసిన దిక్కున ఉన్న ఒక ఇంట్లో కూర్చుంటుంది. అంతటితో ప్రయాణం మొదలైనట్టే. వారంలోపు ఎప్పుడైనా మనిషి పోయి దాన్ని కలుసుకోవచ్చు. సంచి మాత్రం తిరిగి ఇంట్లోకి రాకూడదు. రాయచోటి దక్షిణాన ఉంది. దక్షిణాన మొదటి ఇల్లు గాబ్రియేలుది. ఆ విధంగా, శెట్టిగారింటి ప్రస్థానం పోయి గాబ్రియేలు భార్య జ్ఞానమణి ఇంట్లో, బైబిలు వాక్యాల క్యాలెండరు కింద బల్ల మీద కూర్చుంది.

సంచి పోయింది, మనిషి మిగిలింది. మిగిలిన మనిషికి కట్టుకోవడానికి చీర లేదు. సుబ్బరత్నమ్మ చీరలే కట్టుకుంది. రవికె భుజాల మీద నిలవలేదు.

“నీ రవికెలో ఇంకో మనిషి పడతాదక్కా. ధనుంజయను గూడా ఇందులోకి పిల్చుకుందునా?”

నశ్యం కూడా సంచిలోనే ఉండిపోవడంతో, తలనొప్పి వచ్చినప్పుడల్లా గిడ్డమ్మ జ్ఞానమణి ఇంటికి పోయి, సంచి ముడి విప్పి, ఒక పట్టు పీల్చి, ముడి వేసి వచ్చేది. జ్ఞానమణి ఇంట్లో అందరికీ తుమ్ములు మొదలయ్యాయి.

రాఘవేంద్రప్రసాద్ టైర్ల కోసం కర్నూలు బయలుదేరుతుంటే, తల్లి ముందే బండెక్కి కూర్చుంది.

“కుండ కొనాలంటే కొట్టి చూస్తాం. ఎద్దును కొనాలంటే పండ్లు చూస్తాం. టైరును చూడకుండా తెస్తారా ఎవురైనా? మీ చిన్నమ్మ కూచోనిపోయే బండి.”

“నాకూ పీట వెయ్యి గాబ్రియేలూ” అంది గిడ్డమ్మ. “ఈమె ఒక్కతే పోతే మూఢం దాకా టైరు తేలదు.”

గడ్డ లేచిన టైరు తీసి స్టెప్నీ వేసుకుని, ఎద్దులబండి కన్నా మెల్లగా కర్నూలు చేరారు. బళ్ళారి చౌరస్తా దగ్గర జిలానీ టైర్ల దుకాణం. ఇద్దరు ముసలమ్మలకు కుర్చీలు వేయించి, జిలానీ మొదటి టైరును దొర్లించుకుంటూ వచ్చాడు. రాళ్ళయినా గుంతలైనా లెక్క చెయ్యదన్నాడు. సుబ్బరత్నమ్మ దాని గాళ్ళలో వేలు పెట్టి చూసింది.

“ఇది పోయేదానికా అప్పా, దున్నేదానికా? పండ్లు శానా పెద్దవి. ట్రాక్టరోళ్ళకు ఇయ్యి.”

రెండోది మెత్తటిది. ఖరీదైన బండికి అదే అందమనీ, లోపల కూర్చుంటే చప్పుడే వినబడదనీ చెప్పాడు.

“సప్పుడు రాకుంటే అడ్డమొచ్చే గొర్రెలకు ఎట్ల తెలుస్తాది?”

“హారన్ ఉండాది గదా పెద్దమ్మా” అన్నాడు గాబ్రియేలు.

“హారన్ కొడితే మనిషే జరగకపాయె, గొర్రె జరుగుతాదా?”

మూడోది కొరియాది.

“ఆడ ఎండలుంటాయా అప్పా?”

“చలి దేశమమ్మా.”

“సలి దేశంలో పుట్టింది మన కడప ఎండకు ఆగుతాదా? ఈడ పుట్టిన పెరుగే మాపటికి పులుస్తాంటే.”

జిలానీ చెమట తుడుచుకుని లోపలికి పోయి, జపాను టైరు తెచ్చాడు. రాఘవేంద్రప్రసాద్ మొదటినుంచీ కన్నేసింది దాని మీదే. సుబ్బరత్నమ్మ లేచి దాన్ని వేళ్ళతో కొట్టి చెవి పెట్టింది. వాసన చూసింది. చుట్టూ తిరిగింది. దానికి వంక దొరకలేదు. అప్పుడు పక్కభాగం మీద ఉబ్బెత్తుగా పోసిన అక్షరాలు కనబడ్డాయి. అది ఏ భాషో ఆమెకు తెలియదు గానీ అక్షరమని తెలుసు.

“శివశివా! అక్షరాలు! రేయ్ ప్రసాదూ, పుస్తకం కాలికి తగిలితే కండ్లకద్దుకునేటోళ్ళం. సరస్వతిని రోడ్డు మీద పేడలో దొర్లిస్తావా? మా గిడ్డికి ఆ పాపం చుట్టుకోదా?”

“ఖుదా కసమ్ అమ్మా, అక్షరం లేని టైరు దునియాలోనే లేదు” అన్నాడు జిలానీ.

“అయితే చేసేదాకా ఆగుదాం. మాకేం తొందర ల్యా.”

రాఘవేంద్రప్రసాద్ తల పట్టుకున్నాడు. గిడ్డమ్మ మాత్రం మెల్లగా లేచి, తను కట్టుకున్న సుబ్బరత్నమ్మ చీర అంచును అందరి ముందూ తిప్పి చూపించింది. అంచు పొడుగునా బంగారు రంగులో మిల్లు పేరు.

“ఇవేంటియక్కా, ముగ్గు చుక్కలా? బతుకంతా సరస్వతి మీద కూచున్నావు. ఇప్పుడు నన్ను గూడా కూచోబెట్టినావు.”

దుకాణమంతా ఘొల్లుమంది. గాబ్రియేలు టైర్ల వెనక్కి పోయి నవ్వుకున్నాడు.

రాఘవేంద్రప్రసాద్ ఒక్కడే నవ్వలేదు. “చాలు. టైర్లూ వద్దు, ఏమీ వద్దు. రేపు ఉన్న టైర్లతోనే చిన్నమ్మను తీస్కపోతా.”

“నేను తోలను శెట్టీ.”

“నేనే తోలుకుంటా పో!”

రాఘవేంద్రప్రసాద్ తోలడం ఎలాంటిదో ఫ్యాక్టరీ గేటును చూసిన ఎవరికైనా తెలుసు.

“నీకెందుకు నాయనా శ్రమ? నేను కడప బస్సెక్కి పోతా” అంది గిడ్డమ్మ.

సుబ్బరత్నమ్మ కుర్చీలో కూలబడింది. ప్రయాణం ఆపాలని వేసిన ఎత్తు కాస్తా, ఆ ప్రయాణాన్ని అరిగిపోయిన టైర్ల మీదికి తెచ్చింది. కళ్ళ ముందు గువ్వలచెరువు ఘాటు మలుపులు తిరిగాయి. ఒక మలుపులో బండి, ఇంకో మలుపులో బస్సు, రెండింటిలోనూ తన రవికె వేసుకున్న గిడ్డమ్మ.

ఇదేమీ తెలియని జిలానీ టీ గ్లాసు ఆమె చేతికిచ్చి, ఆఖరి ప్రయత్నంగా జపాను టైరును తట్టాడు.

“బేఫికర్‌గా, ఏ చింతా లేకుండా ఉండండమ్మా. ఇవి వేసుకుంటే రాయచోటి ఎంత? పొద్దున పోయి మాపటికి వచ్చేయొచ్చు. ఎన్నిసార్లయినా పోవచ్చు, ఎన్నిసార్లయినా రావచ్చు.”

సుబ్బరత్నమ్మ గ్లాసు కింద పెట్టింది.

“ఏమంటివి?”

“పోవచ్చు, రావచ్చు అంటాండా.”

“పోయేది ఏదైనా పోతాదప్పా. చక్రమనేదే పోయేదానికి పుట్టింది. వచ్చేదానికి ఏది మంచిది, అది చెప్పు.”

జిలానీ ఆ వ్యాపారంలో తల నెరిసినవాడు. వాన రోడ్డుకు ఏది మంచిదని అడిగినవాళ్ళున్నారు, బరువుకు ఏది ఆగుతుందని అడిగినవాళ్ళున్నారు. వచ్చేదానికి ఏది మంచిదని అడిగినవాళ్ళు లేరు. అతను ఆమె కొడుకు వైపు చూశాడు, డ్రైవరు వైపు చూశాడు, చివరికి గిడ్డమ్మ వైపు చూశాడు. గిడ్డమ్మ నవ్వడం లేదు.

“వచ్చేదానికైనా ఇదేనమ్మా.”

“ఒట్టా?”

జిలానీ టైరు మీద అరచెయ్యి పెట్టాడు. “ఒట్టు.”

“అయితే నాలుగూ వెయ్యి. స్టెప్నీ గూడా ఇదే వెయ్యి. వచ్చేటప్పుడు ఏది అక్కరకొస్తాదో.”

తిరుగు ప్రయాణంలో గిడ్డమ్మ సుబ్బరత్నమ్మ చెవి దగ్గరికి వంగింది. “మూఢం దాకా లాగుదామనుకున్నావు గదా?”

“నాకేం పనే? నీ పీడ ఎప్పుడు వదుల్తాదా అని సూస్తాండా.”

“సూడు, సూడు.”

అక్కడినుంచి బేతంచెర్ల దాకా, పోట్లాడుకోకుండా వాళ్ళు అంత దూరం పోవడం అదే మొదలు.

మూఢం ఇంకా రాకముందే ఒక పొద్దున కొత్త టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. గిడ్డమ్మ పీట వేసుకుని ఎక్కింది. ఒంటి మీద ఇంకా సుబ్బరత్నమ్మ చీరే ఉంది.

“నా చీర కట్టుకోని పోతాండావు. ఇచ్చేదానికి రావల్ల.”

“వస్తా లే. ఈ రవికె పెట్టుకోని నేనేం చేసుకుంటా?” అంది గిడ్డమ్మ. తర్వాత గొంతు తగ్గించి, “పోయొస్తానక్కా” అంది.

సుబ్బరత్నమ్మ వంగి, ముందు టైరును ఎద్దు వీపు తట్టినట్టు తట్టింది. బండి దక్షిణానికి తిరిగి, జ్ఞానమణి వాకిట్లో ఆగి, సంచిని ఎక్కించుకుని పోయింది.

జిలానీ మాట తప్పినవాడు కాదు. ఆ రాత్రే బండి క్షేమంగా తిరిగొచ్చింది, గువ్వలచెరువు కోవా పొట్లంతో. ఆ తర్వాత రాఘవేంద్రప్రసాద్ పని మీద రాయచోటికి పోయిన ప్రతిసారీ బండి వచ్చింది, కోవా వచ్చింది, ఒక కబురు వచ్చింది. ఒకసారి మోకాళ్ళ నొప్పి, ఒకసారి కోడలి పురుడు, ఒకసారి వచ్చే నెల తప్పకుండా. నువ్వే పోయి చూసి రారాదా అని జ్ఞానమణి అడిగితే, “రావల్సింది ఆమె. నా చీర ఆమె దగ్గర ఉండాది” అనేది సుబ్బరత్నమ్మ. బండి వాకిట్లోకి వచ్చినప్పుడల్లా బయటికి వచ్చి, మొదట వెనక సీటు చూసి, తర్వాత టైర్లు చూసేది. టైర్లు బాగానే ఉండేవి.

గిడ్డమ్మ బేతంచెర్లకు తిరిగి రాలేదు. రెండువేల ఎనిమిది మాఘమాసంలో, రాయచోటిలో పోయింది.