తూచ్

చొక్కాకి గుండీలు కుట్టమని మా అత్తగారు పున్నమ్మ పొద్దున్నే జగ్గయ్యపేటలో బస్సెక్కి నందిగామలో నా ముందు దిగింది. తెల్ల చొక్కా. పైనుంచి మూడు గుండీలు లేవు. అవి ఎలా ఊడాయో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఏడేళ్ల కిందట మా ఆయన నా జుట్టు పట్టుకుని వసారాలోంచి పెరట్లోకి ఈడుస్తుంటే ఆ చొక్కా పట్టుకుని వేళ్లాడింది నేనే.

మీ ఆయన పెరోలు మీద వస్తున్నాడు, పదిరోజులుంటాడు అంది. నాకు తెలిసినవి రెండే రోళ్లు. పచ్చడి నూరేది ఒకటి, బళ్లో నా పిల్లలు నాటకంలో వేసేది ఒకటి. ఈ మూడో రోలు రాజమండ్రి జైల్లో దొరుకుతుంది కాబోలు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరవకూడదంటారు. పెట్టిన తల నాది, రోకలి ఆయనది, సామెత మాత్రం ఊరందరిదీ.

చొక్కా మడతలో ఒక కాగితం కూడా తెచ్చింది. ఖైదీ నడవడి బాగున్నదనీ, భార్య ఆదరించి ఇంట్లో ఉంచుకుంటుందనీ, కనుక దయతలచి ముందే విడిచిపెట్టమనీ అర్జీ. అడుగున నా సంతకానికి జాగా. ఆదివారం నాటకం కాగానే సంతకం పడేసి, పిల్లని తీసుకుని పేటకి వచ్చెయ్యమంది. "ఆడది కుట్టుకుని ఎన్నాళ్లు బతుకుద్దే. మొగుడంటూ ఉన్నాక సర్దుకోవాల" అంది. తల ఊపాను. ఊరి పేరు నందిగామ అయినందుకు ఆ మాత్రం నంది ఉండాలి.

నా పేరు ప్రమీలారాణి. నా రాజ్యం పొయ్యి దగ్గర మొదలై నూతి దగ్గర అయిపోయేది. మా ఆయన పేరు బుల్లిబాబు. ఆరడుగుల బుల్లి. ఇంట్లో పనంతా నేను చేసుకునేదాన్ని, ఆయన చేసుకున్నదల్లా చెయ్యి. పప్పులో ఉప్పు తక్కువైతే చెంప మీద, ఎక్కువైతే వీపు మీద, సరిపోతే ఇవాళ ఎలా సరిపోయిందే అని. ఒకనాడు నా చెయ్యి రోలు అంచున ఆనించి మడమతో తొక్కాడు. ఎండుకొమ్మ విరిచినట్టు టక్కుమంది. కట్టుకున్నవాడు మణికట్టు విరిచాడు, కాంపౌండరు పిండికట్టు కట్టాడు, అత్తగారు కట్టుకథ కట్టింది: నూతి గట్టున జారిపడింది అని. చూడవచ్చిన ప్రతివాళ్లకీ ఆ ముక్క నా నోటితోనే చెప్పించింది. చెప్పగా చెప్పగా నాకే నిజమనిపించి, నూతి దగ్గర అడుగు చూసి వేసేదాన్ని.

రెండు నెలలు తిరక్కుండా మా ఆయన కాలవనీళ్ల దగ్గర తగువాడి, పక్క పొలం రైతు తల పారతో పగలగొట్టాడు. ఆ మనిషి మూడోనాడు పోయాడు. పదేళ్లు వేశారు. పరాయివాడి తలకి పదేళ్లు. నా మణికట్టుకి ఆరు వారాలు, అవీ నాకే.

అప్పుడే మా అమ్మాయి భారతిని చంకనేసుకుని నందిగామ వచ్చి బళ్లో కుట్టు టీచరుగా చేరాను. తల్లో తండ్రో జైల్లో ఉన్న పిల్లలు తొమ్మిదిమంది తేలారు. ఏసురత్నం వాళ్లమ్మది సారా కేసు. నజీరా వాళ్ల నాన్న నడిపే లారీ కింద మనిషి పడ్డాడు. తక్కిన పిల్లలు వీళ్లని ఊచల పిల్లలనేవాళ్లు. నోరు విప్పించబోతే విప్పరు, నాటకమంటే మాత్రం వచ్చారు. మా నాటకానికి ఒక పద్ధతుంది. ఎవరింటి కథ వాళ్లు ఆడకూడదు. పక్కపిల్లకి చెప్పాలి, ఆ పిల్ల ఆడుతుంది. కథ గలది మెట్టు మీద కూర్చుని చూస్తుంది. చూళ్లేకపోతే తొక్కుడుబిళ్లలో అన్నట్టే "తూచ్" అనాలి. అంటే జరిగిందేదీ చెల్లదు, ఆట ఆగిపోవాలి. ఆ మాట ఇంకెవ్వరూ అనకూడదు, నేను కూడా. సాధకాలన్నీ వాళ్లలో వాళ్లే చేసుకుంటారు. నాది వేషాలు కుట్టే వేషం.

ఈ ఏడు భారతి తన కథ నజీరాకి చెప్పింది. తండ్రి వెళ్లేనాటికి దానికి ఐదేళ్లు. మీ నాన్న మంచివాడే, కోపంలో కాలవ దగ్గర ఒక్క తప్పు చేశాడని నేను నూరిపోశాను. కాలవ కథే ఆడతారనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం బడి వరండా ముందు బెంచీలు వేశాం. తల్లులు, నాయనమ్మలు వచ్చారు. పెరోలు పెళ్లికొడుకు వాళ్లమ్మతో వచ్చి ముందు బెంచీలో కూర్చున్నాడు. చొక్కా ఏదే అంది అత్తగారు. వెదకబోయేలోగా అదే వరండా మీదికి నడిచొచ్చింది. లోపల నజీరా. మోకాళ్లదాకా చొక్కా, నేను కుట్టిన గుండీలు మూడూ పెట్టుకుని.

నజీరా పీట మీద కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకుంది. కంచం విసిరింది. ఏసురత్నం కొంగు నడుముకి దోపుకుని మెతుకులు ఎత్తుతోంది. అందరూ నవ్వారు. నజీరా దాని జుట్టు చేతికి రెండు చుట్లు చుట్టింది. ఆ రెండు చుట్లు నేనెవ్వరికీ చెప్పలేదు. వరండా ఈ చివర్నుంచి ఆ చివరికి ఈడ్చింది. నవ్వులాగాయి. ఏసురత్నం చెయ్యి లాగి తిరగేసిన బకెట్టు మీద ఆనించి మడమ ఎత్తింది. వెనక ఒక పిల్ల కందిపుల్ల విరిచింది. టక్.

భారతి నిద్రపోతోందనుకున్నాను ఆ రోజు. గోడవైపు తిరిగి పడుకునుంది కదా.

మెట్టు మీదున్న భారతి వైపు చూశాను. తూచ్ అనవే తల్లీ, ఆపవే అని కళ్లతోనే బతిమాలాను. అది పెదాలు బిగించి, నన్నే చూస్తూ కూర్చుంది.

బెంచీ తిరగబడింది. బుల్లిబాబు వరండా ఎక్కి నజీరాని గూబమీద కొట్టాడు. పదేళ్ల పిల్ల స్తంభానికి గుద్దుకుంది. పన్ను ఊడి, తెల్ల చొక్కా మీద నెత్తురు గుండీ గుండీకీ దిగింది. ఆయన నా వైపు తిరిగి, "పిల్లకాయలకి ఇయ్యా నువ్వు నేర్పేది" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. అదే చెయ్యి. అదే చోట. మెలితిప్పాడు.

జాకెట్టుకి గుచ్చుకున్న సూది తీసి ఆయన చేతి వెనకనుంచి ఎముకదాకా దించాను. కేక పెట్టి వదిలాడు. పందొమ్మిదేళ్ల కాపురంలో మొదటిసారి నేనూ చెయ్యి చేసుకున్నాను. నజీరా నాయనమ్మ పీరాంబీ చెప్పు తీసి ఆయన మొహం మీద వాయించింది. మిగతా ఆడవాళ్లు మీదపడి స్తంభానికి అదిమిపట్టారు. మా అత్తగారు మాత్రం నా కొడుకు చొక్కా పాడైపోయిందని ఏడ్చింది.

నజీరాని ఎత్తుకుని, భారతి వెంటరాగా, పోలీసు స్టేషనుకి నడిచాను. రైటరు పిల్ల పెదవి చూసి కలం తీశాడు. రాసుకోడానికి ఠావు కాగితం తెచ్చావా అమ్మా అన్నాడు. కొంగున ముడేసిన అర్జీ విప్పి, వెనక్కి తిప్పి ఇచ్చాను. ఆ వైపు తెల్లగానే ఉంది.

పిల్ల సంగతంతా రాశాడు. బల్ల మీదున్న నా చేతికేసి చూశాడు. అప్పుడే వాచిపోతోంది, వాపు కింద పాత వంకర ఎముక.

"ఇది ఇయ్యాల్టిది కాదే. పాతది. ఎట్టా విరిగిందమ్మా?"

ఏడేళ్లుగా అరిగిన మాట, దానంతటదే నోటికొచ్చేసింది.

"నూతి గట్టున జారి..."

"తూచ్" అంది భారతి.

కలం ఆగింది. నేను దాని మొహం చూశాను. చెయ్యి బల్ల మధ్యకి జరిపి, మొదటినుంచి మొదలుపెట్టాను.

"రోలు అంచున పెట్టి తొక్కాడండి. రాసుకోండి."